అవతలి గట్టు ఎవరిది?

(ముక్కనుమ నాటి సాయంత్రం అమలాపురంలో, కొత్తగా రాస్తున్న యువతీయువకుల ఎదుట ఒక కథారచయిత చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. గొంతు బొంగురుగా ఉంది, మన్నించండి. నిన్న కనుమ కదా, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో "అశ్శరభ శరభ" అని అరిచి వచ్చిన గొంతు ఇది. ఈ వయసులో అంత అరవనవసరం లేదు. కానీ దేవుణ్ణి నిలిపిన వెదురు ప్రభ భుజాల మీదికి లేచాక వయసు ఎవరికి గుర్తుంటుంది?

ఆహ్వానపత్రికలో నా అంశం "కల్పిత లోకాలలో మతం, దేవలోకం, పౌరసత్వం" అని అచ్చువేశారు. చూసి నేనే కొంచెం జంకాను. నేను చేసే పనికి అంత బరువైన పేరు ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఏడేళ్ళుగా లేని దేశం ఒకదాన్ని రాసుకుంటున్నాను, అంతే. ఇంకా పూర్తికాలేదు. దాని పేరు తొమ్మిదిపాయలు. మన గోదావరికి ఏడు పాయలని చెప్పుకుంటాం కదా, నేను రెండు కలిపాను. నా ఊహాశక్తి అక్కడితో అయిపోయింది. (నవ్వులు)

మొదటి ప్రతిలో నా దేవుళ్ళకు లేని శక్తి లేదు. ఒకడు ఊపిరి వదిలితే తుఫాను. ఒకామె కన్నెర్రజేస్తే పైరు మాడిపోతుంది. ఇంకొకడు కొండల్ని చేటలో పోసి చెరుగుతాడు. రెండు వందల పేజీలు అలా రాసి మా మేనత్త చేతిలో పెట్టాను. ఆవిడ పంచాంగం నుంచి వారపత్రిక దాకా ఏది దొరికినా అట్ట నుంచి అట్ట దాకా చదివే మనిషి. నాలుగో రోజు కాగితాల కట్ట తిరిగి ఇచ్చేస్తూ, "అంతా బాగానే ఉంది గానీ, ఒరేయ్, వీళ్ళలో ఒక్కడికీ ఊరు లేదేమిటిరా? ఊరు లేని దేవుడికి మొక్కు ఎక్కడికి పోయి తీర్చుకుంటారు?" అంది. వక్కాకు నములుతూ అన్న మాట అది. నాకు మాత్రం రెండు వందల పేజీలు అక్కడికక్కడే చిత్తుకాగితాలైపోయాయి.

ఆ ఏడాది కనుమకు తీర్థాన్ని మొదటిసారి కళ్ళు తెరిచి చూశాను. అంతకుముందు జీళ్ళ కోసం, రంగులరాట్నం కోసం వెళ్ళేవాణ్ణి. అక్కడ గుడి లేదు, మీకు తెలిసిందే. ఉన్నది కొబ్బరితోట. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండుమంది శివులు ఆ తోటకు వస్తారు. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు, వక్కలంక నుంచి విశ్వేశ్వరుడు. చెన్నమల్లేశ్వరుడనే పేరుతోనే ముగ్గురున్నారు: గంగలకుర్రు ఆయన వేరు, నేదునూరు ఆయన వేరు, పాలగుమ్మి ఆయన వేరు. శివుడు ఒక్కడే కదా అని వేదాంతం అడగవచ్చు. అడిగితే ఎవరూ కాదనరు. కానీ మోసేవాళ్ళను అడిగి చూడండి, "మా దేవుడు" అని వేలు పెట్టి తన ప్రభనే చూపిస్తాడు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలను ఒక్కసారి పైకెత్తుతారు, పెద్దాయన వస్తే కుర్చీలోంచి లేచినట్టు. తోట మొసలపల్లిది కాబట్టి ఆ ఊరి భోగేశ్వరుడు ఆతిథ్యం ఇచ్చే గృహస్థు. పొద్దు వాలేసరికి ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. రాత్రికి అక్కడ ఎవరూ ఉండరు.

గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటే చోట నిలబడ్డాను. వెదురు కట్టు, దానిమీద కొత్త బట్టల రంగులు, మధ్యలో స్వామి. గుండెల లోతు నీళ్ళలో కుర్రాళ్ళు దాన్ని మోసుకు వస్తున్నారు. నా పక్కన ఒక రైతు నిలబడి ఉన్నాడు. దాటిన ప్రభ తిన్నగా ఆయన వరి చేలోకి దిగింది. పచ్చటి మడి, మొలలోతు బురద, వందల కాళ్ళు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. చేతులు జోడించి ఉన్నాడు. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు గట్టు మీద పక్కవాడి గేదె కాలు పెడితే ఊరుకోని మనిషి, ఆ ఒక్క రోజు గట్టునే మరిచిపోయాడు. దేవుడికి ఊరుంది, ఊరికి పొలిమేర ఉంది, ఆ పొలిమేర ఎప్పుడు తెరుచుకోవాలో లెక్కా ఉంది. నా రెండు వందల పేజీల్లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

అందుకని ఇవాళ మీకు నేను చెప్పేది ఒకటే. కల్పిత లోకంలో దేవుణ్ణి సృష్టిస్తున్నప్పుడు ఆయన శక్తి ఏమిటని అడగకండి, అది ఎవరైనా రాస్తారు. ఆయన ఊళ్ళో ఎవరు సొంతమనిషి, ఎవరు చుట్టపు చూపుగా వచ్చినవాడు, గేటు దగ్గర ఎవర్ని ఆపుతారు, ఆపినవాడి తరఫున ఎవరు మాట్లాడతారు, ఇవి అడగండి. కథ అక్కడుంటుంది.

మన పురాణాలు ఈ పని ఎప్పుడో చేశాయి. మనం వాటిని భక్తితో వింటాం, భూమి కాగితాలు చదివినట్టు చదవం. ఒకసారి అలా చదవండి. స్వర్గానికి పట్టా లేదు, కౌలే. "క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి" అని గీత తొమ్మిదో అధ్యాయంలో ఉంది. పుణ్యం శిస్తు. శిస్తు అయిపోయిన రోజున ఖాళీ చేయాలి. యయాతి అంతటివాడు పైకి వెళ్ళి, తపస్సులో నాకు సాటి ఎవరూ లేరని ఒక్క మాట అన్నందుకు కిందపడ్డాడు. నహుషుడు ఇంద్రపదవిలోనే కూర్చున్నాడు, కొండచిలువై దిగాడు. వైకుంఠం మాత్రం శాశ్వతం కదా అంటారా? అక్కడ గేటు కాసే జయవిజయులే బయటికి వచ్చారు! అదీ ఎందుకు? లోపలికి రావలసినవాళ్ళను ఆపినందుకు. భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడు జన్మలా అంటే మూడే చాలన్నారు. ఇంటికి తొందరగా చేరాలన్న ఆరాటం ఉన్నవాడు ఏ సంతకమైనా పెడతాడు. ఇక త్రిశంకువు సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంద్రుడు తోసేశాడు, విశ్వామిత్రుడు కిందపడనివ్వలేదు, మధ్యలో తలకిందులుగా ఉండిపోయాడు. ఏ దేశమూ తనవాడని ఒప్పుకోని మనిషిని మనం ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం మనకు ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. శ్రీనాథుడి భీమేశ్వర పురాణంలో వ్యాసుడు దక్షారామానికి, అంటే మన ద్రాక్షారామానికి, ఎందుకు వస్తాడు? యాత్రకు కాదు, వెళ్ళగొట్టబడి వస్తాడు. కాశీలో ఆయనకూ శిష్యులకూ భిక్ష దొరకదు. ఒక పూట కాదు, వరుసగా. అంత తపస్వీ ఆకలికి తాళలేక ఏకంగా కాశీనే శపించబోతాడు. అప్పుడు ఒక ముత్తైదువ వాకిట్లోకి వచ్చి భోజనానికి పిలుస్తుంది. ఆవిడ ఎవరో మీకు తెలుసు. కడుపునిండా పెడుతుంది. పెట్టిన తరువాత శివుడు, మా ఊరిని శపించబోయినవాడివి, ఇక్కడ ఉండవద్దు, వెళ్ళు అంటాడు.

ఆ వరుస గమనించండి. ముందు అన్నం, తరువాత బహిష్కారం. ఆకలితో ఉన్నవాణ్ణి వెళ్ళగొట్టలేదు. వేదాలు విభజించినవాడు, పురాణాలు రాసినవాడు, ఆయనకే కాశీలో నిలవనీడ లేకుండాపోయింది. కాశీలో చనిపోతే చాలు ముక్తి అని కదా నమ్మకం? చనిపోయే దాకా ఉండనివ్వాలి మరి. అమ్మవారు దారి చూపితే ఇటు మన దక్షారామం వచ్చాడు. కాశి ముక్తినే ఇస్తుంది, మన భీమేశ్వరుడు భుక్తినీ ముక్తినీ కూడా ఇస్తాడని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. అక్కడినుంచి వచ్చేసినవాళ్ళను ఇటు లాగడానికి మనవాళ్ళు ప్రకటించిన రాయితీలాగా వినిపిస్తుంది నాకు. (నవ్వులు) కవి ఉద్దేశం అది కాకపోవచ్చు.

సరే, నా తొమ్మిదిపాయల దగ్గరకు వస్తాను.

అక్కడ చనిపోయినవాళ్ళు వెళ్ళే చోటును అవతలి గట్టు అంటారు. తొమ్మిది పాయలకూ తొమ్మిదిమంది దేవతలు, ఎవరి గట్టు వారిది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడును ఆ ఊరి దేవత మట్టిలో పాతిపెడతారు. అదే ఆ మనిషికి పట్టా. పోయినరోజున రేవుకు, ఏరు దాటించే పంటు వస్తుంది. సరంగు ఒకటే అడుగుతాడు: ఏ మట్టి? చెబితే అక్కడ దింపుతాడు. దిగిన చోట దేవత కరణం పద్దు తెరిచి సరిచూస్తాడు. చిన్నవాళ్ళకు కరణం అంటే తెలియకపోవచ్చు. ఊరి భూముల లెక్కలు రాసేవాడు. మన రాష్ట్రంలో కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. మా నాన్న తరానికి ఊళ్ళో దేవుడి తరువాత భయం కరణానికే, కొందరికి దేవుడి కంటే ముందే.

ఇంతవరకు చక్కగా ఉంది కదా? చక్కగా ఉంటే కథ నడవదు. నది మధ్య లంకల్లో పెరిగినవాళ్ళు ఈ పాటికే నవ్వుకుంటూ ఉంటారు. మట్టి నిలకడగా ఉంటుందని ఎవడు చెప్పాడు?

నా చిన్నప్పుడు మా తాతగారి ఊరి లంకలో ఒక కొబ్బరిచెట్టు ఉండేది. ఒక ఏడాది వరద తీశాక వెళ్తే గట్టు చివరకు వచ్చింది. సగం వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి, ఎర్రగా, జడపాయల్లాగా. వాటిలోంచి మట్టి గడ్డలు ఒక్కొక్కటీ నీళ్ళలోకి జారుతున్నాయి. పెద్ద చప్పుడేమీ ఉండదు, బుడుంగుమంటుంది అంతే. కాసేపు ఆగి మళ్ళీ బుడుంగు. తాతగారు చెట్టు దగ్గరినుంచి ఇంటి దాకా అడుగులు వేసి కొలిచారు. ఎన్ని అని అడిగితే చెప్పలేదు. ఎదురుగా అవతల ఒడ్డున మాత్రం కొత్త ఇసుక మేట వేసింది, అప్పుడే దానిమీద రెల్లు మొలుస్తోంది. రెండు మూడేళ్ళు పోతే అక్కడ ఎవరో పొగాకు వేస్తారు. ఇటు కోత, అటు మేట. ఇవి మనం రోజూ వాడే మాటలే. నా కథకు ఇంతకంటే మంచి మాటలు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

తొమ్మిదిపాయల్లో మూగలంక అని ఒక లంక. అది వాలుదొర అనే దేవుడి మట్టి. మూడు వరదల్లో కోసుకుపోయి అవతల నిలకడమ్మ గట్టున మేట వేసింది. ఆ తరువాత మూగలంక ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోవడం మొదలైంది. పంటు దిగితే వాలుదొర కరణం పద్దు చూసి, "ఆ మట్టి ఇప్పుడు మాది కాదు, కొట్టివేశాం" అంటాడు. నిలకడమ్మ కరణం దగ్గరకు పోతే, "మట్టి వచ్చిన మాట నిజమే, కాగితం రాలేదు" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, అది గుర్తుంచుకోండి. నా మొదటి ప్రతిలో దుర్మార్గులు ఉండేవారు, ఈ ప్రతిలో గుమాస్తాలు ఉన్నారు. భయం ఎక్కువైంది.

అలా రేవులో ఆగిపోయినవాళ్ళకు అక్కడ రేవువాళ్ళు అని పేరు పడింది. బతికి ఉన్న వాళ్ళ పిల్లలకు ఇప్పుడు ఒక మతసమస్య వచ్చింది. మొక్కు ఎవరికి మొక్కాలి? అమ్మానాన్నలను తీసుకోని దేవుడికా, కాగితం అడుగుతున్న అమ్మవారికా? కొందరు రెంటికీ మొక్కుతారు. కొందరు రేవుకే దీపం పెట్టడం మొదలుపెడతారు. అదే కొత్త మతం. ఏ ప్రవక్తా కొండ దిగి రాలేదు. ఇద్దరు కరణాలు రెండు పద్దులు మూసేశారు, దీపం దానంతట అదే వెలిగింది.

ఇదంతా కల్పన, నిజంలో ఇలా జరుగుతుందా అని పోయిన నెల ఒకాయన అడిగారు. ఎదుర్లంక నుంచి వంతెన దాటితే యానాం. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు. చుట్టూ మనమే, మధ్యలో ఫ్రాన్సు. 1954 దాకా అంతే. ఆ తరువాత భారతదేశానికీ ఫ్రాన్సుకూ ఒప్పందం కుదిరింది. సంతకాలు 1956లో, అమలు 1962 ఆగస్టు 16న. దానిలో ఒక నిబంధన ఉంది. యానాం లాంటి ఫ్రెంచి స్థావరాల్లో పుట్టి, అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు ఆ రోజుతో భారతీయులవుతారు. కాదు, ఫ్రెంచివారిగానే ఉంటామంటే ఆరు నెలల లోపల రాసి ఇవ్వాలి. ఇల్లు కదలలేదు, గోదావరి కదలలేదు, చేపల కూర రుచి మారలేదు. మనిషి దేశం మాత్రం ఒక కాగితం మీద ఆధారపడింది. రాసి ఇచ్చి ఆ దేశస్థులుగానే మిగిలినవాళ్ళున్నారు. మౌనం అర్ధాంగీకారం అంటాం, అక్కడ మౌనం పూర్తి అంగీకారం. నేను దీన్ని సిగ్గుపడకుండా ఎత్తుకుపోయి రేవువాళ్ళకు ఇచ్చాను. వాళ్ళకు ఆరు అమావాస్యల గడువు. చచ్చిపోయినవాళ్ళు రాసి ఎలా ఇస్తారన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇంకొక చోటా ఎత్తుకొచ్చాను. మన ఊళ్ళ చర్చిల్లో మీరు వినే ఉంటారు, ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో "మన పౌరస్థితి పరలోకమునందున్నది" అనే వాక్యం. ఆ లేఖ రాసిన పౌలు స్వయంగా రోమన్ పౌరుడు. ఫిలిప్పీ రోమన్లు తమ వలసగా మార్చుకున్న పట్టణం. తాము ఉండేది ఒక చోట, తమ పౌరసత్వం దూరంగా ఇంకొక మహానగరానిది అన్న సంగతి ఆ ఊరివాళ్ళకు వివరించి చెప్పనక్కరలేదు. అందుకే ఆ మాట వాళ్ళకు సూటిగా తగిలింది. దేవలోకం గురించి రాసిన గొప్ప వాక్యాలు ఆకాశంలోంచి ఊడిపడవు, వినేవాడి వీధిలోంచి వస్తాయి.

ఇక మన సంకల్పం. పీట మీద కూర్చున్నప్పుడు పంతులుగారు గబగబా చదివేస్తారు, మనం అక్షింతలు పట్టుకుని పక్కవాళ్ళతో మాట్లాడుతుంటాం. ఈసారి వినండి. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ మూల, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరం, ఏ తిథి, గోత్రం, పేరు. అది దేవుడికి సమర్పించే దరఖాస్తు! ఇంకొకటి ఉంది. సొంత ఇల్లయితే "శోభన గృహే" అంటారు, అద్దె ఇల్లయితే "వసతి గృహే" అంటారు. మనం కౌలుదారో పట్టాదారో ముందుగా చెప్పుకుంటేనే పూజ మొదలవుతుంది. నేను అద్దె ఇంట్లో ఉన్నప్పుడు వినాయకచవితికి ఆ మాట మొదటిసారి చెవిన పడింది. కొంచెం చిన్నతనంగా అనిపించింది, నిజం చెప్పవద్దూ.

ఆ దరఖాస్తులోకి ఒక ఆంగ్లేయుడు కూడా ప్రవేశించాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్‌ను భగీరథుడితో పోల్చి సంస్కృత శ్లోకం చెప్పుకుని, స్నానసమయంలో తలచుకున్నవాళ్ళు ఈ డెల్టాలో ఉన్నారు. ఊరూరా ఆయన విగ్రహాలు మీకు తెలియనివి కావు. గోత్రం లేదు, మన మతం కాదు, పాలించడానికి వచ్చిన దొరల్లో ఒకడు. అయినా నీళ్ళిచ్చాడు కాబట్టి పుణ్యస్నానంలో చోటు దొరికింది. ఏ కరణమూ రాసిచ్చిన చోటు కాదు అది. నా కథలో కరణాలకు తెలియని ఈ దొడ్డిదారి కూడా ఉంది. దానికి నేను కాలవగుమ్మం అని పేరుపెట్టాను. ఎక్కువ చెప్పను, పుస్తకం కొనరు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలోంచి ఒక యువతి: "బొడ్డుతాడు పాతిన చోటే పట్టా అన్నారు. పెళ్ళయి వేరే ఊరికి వెళ్ళిన ఆడవాళ్ళు ఏ గట్టుకు వెళ్తారండీ? మా అమ్మది ఇటు, అత్తగారిల్లు అటు. గోత్రం మార్చేస్తారు కదా?")

కూర్చోండమ్మా. లేదు, మంచినీళ్ళు తాగి చెబుతాను.

మీరు అడిగినది నా మొదటి ప్రతిలో లేదు, రెండో ప్రతిలోనూ లేదు. ఎవరూ అడగలేదు, మా మేనత్త కూడా. అడగకపోవడానికి ఆవిడ కారణాలు ఆవిడకుంటాయి. పదమూడో ఏట పెళ్ళయి గౌతమి దాటి వెళ్ళిన మనిషి ఆవిడ. ఆవిడ పోయిన తరువాత నాకే తట్టింది. కరణం పద్దులో ఆడవాళ్ళ పేర్లు ఎలా రాశానో వెనక్కి తిప్పి చూశాను. "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి". బొడ్డుమట్టి అన్న గడి అందరికీ ఖాళీ. ఎవరి తప్పు? కరణానిది అందామంటే కరణాన్ని రాసినవాణ్ణి నేనే.

ఇప్పుడు ఆ అధ్యాయంలో ఒక ముసలావిడ పంటు దిగుతుంది. చేతిలో ఏమీ లేదు. కరణం ఏ మట్టి అని అడుగుతాడు. ఆవిడ చెంగు ముడి విప్పుతుంది. పుట్టింటి మట్టి పిడికెడు, మెట్టినింటి మట్టి పిడికెడు, దారిలో తడిసి ఒకటే ముద్దైపోయాయి. "దీనిలో ఏది ఎక్కువ?" అంటాడు కరణం. "నాకేం తెలుసు నాయనా, తూచి చూసుకో" అంటుంది. ఆయన త్రాసు కోసం లోపలికి వెళ్ళాడు. ఏడాది అయింది, ఇంకా బయటికి రాలేదు. నేను అక్కడే ఆగి ఉన్నాను. ఆవిడ గడప మీద కూర్చుని వక్కాకు వేసుకుంటోంది.

ఇంకొక ప్రశ్నకు సమయం ఉందా? లేదంటున్నారు. నరసాపురం వైపు వెళ్ళేవాళ్ళు ముందు లేవండి, సఖినేటిపల్లి రేవులో పంటు ఆగిపోతే రాత్రంతా అక్కడే ఉండాలి.